గూఢచారి దొరికాక రెండు దేశాల మధ్య ఏం జరుగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురంలో గ్రూప్స్‌కూ సివిల్స్‌కూ చదువుకునేవాళ్లు, ఓర్వకల్లు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, కువైట్‌లో మనుషులున్న కడప జిల్లా కుటుంబాలు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. పరీక్ష కోసం చదివేవాళ్లు మొదటి సగం శ్రద్ధగా చూడండి. మిగతావాళ్లు వీసాల దగ్గర నుంచి మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

గూఢచర్యం బయటపడిన రోజు మొదట జరిగేదేమిటి?

నిఘా విభాగం చాలాకాలంగా కన్నేసి ఉంచిన మనిషిని, కాగితాలో డబ్బో చేతులు మారేటప్పుడు పట్టుకుంటుంది. ఉత్త అనుమానంతో పట్టుకుంటే అవతలి దేశం కట్టుకథ అని కొట్టిపారేస్తుంది. దొరికిన మనిషి హైకమిషన్ (రాయబార కార్యాలయం) ఉద్యోగి అని తేలితే అరెస్టు ఉండదు, తిరిగి హైకమిషన్‌కు అప్పగించాల్సిందే. తర్వాత విదేశాంగ శాఖ ఆ దేశపు ప్రతినిధిని పిలిపించి నిరసన పత్రం చేతిలో పెడుతుంది. దీన్నే డిమార్ష్ అంటారు. 2019 ఆగస్టు నుంచి ఢిల్లీలో పాకిస్తాన్ హైకమిషనర్ గానీ, ఇస్లామాబాద్‌లో మన హైకమిషనర్ గానీ లేరు. అందుకే వార్తల్లో 'ఛార్జ్ డి అఫైర్స్‌ను (హైకమిషనర్ లేనప్పుడు కార్యాలయాన్ని నడిపే అధికారిని) పిలిపించారు' అని కనబడుతుంది.

ప్రకటనలో గూఢచర్యం అనే మాట చాలాసార్లు ఉండదు. 'తన హోదాకు తగని కార్యకలాపాలు' అని రాస్తారు. 2025 మే 13న పాకిస్తాన్ హైకమిషన్ అధికారి ఒకరిని ఈ మాటలతోనే అవాంఛనీయ వ్యక్తిగా ప్రకటించి, 24 గంటల్లో దేశం విడిచి వెళ్లమన్నారు. పాకిస్తాన్ అదే రోజు మన ఉద్యోగి ఒకరిని వెళ్లిపొమ్మంది. మే 21న ఢిల్లీలో ఇంకొకరిని పంపిస్తే, మర్నాడు ఇస్లామాబాద్‌లోనూ అదే జరిగింది.

దొరికిపోయిన దౌత్యవేత్తను జైల్లో ఎందుకు వేయరు?

1961 వియన్నా దౌత్య సంబంధాల ఒప్పందం అడ్డు. 29వ అధికరణ ప్రకారం దౌత్యవేత్తను అరెస్టు చేయకూడదు. 31వ అధికరణ ప్రకారం క్రిమినల్ కేసు నడపకూడదు. 32వ అధికరణ కింద ఆ రక్షణను వదులుకోగలిగేది అతన్ని పంపిన దేశం ఒక్కటే, గూఢచర్యం కేసులో ఏ దేశమూ వదులుకోదు. ఆతిథ్య దేశం చేతిలో మిగిలేది 9వ అధికరణ. ఎవరినైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే అవాంఛనీయ వ్యక్తిగా ప్రకటించవచ్చు. మన దగ్గర ఈ ఒప్పందానికి చట్టబలం ఇచ్చింది 1972 నాటి చట్టం.

దౌత్య హోదా లేకుండా మారుపేరుతో వచ్చినవాడికి ఈ గొడుగు ఉండదు. మారుపేర్లతో న్యూయార్క్‌లో పనిచేసిన సోవియట్ గూఢచారి ఒకడు 1957లో పట్టుబడి, తన పేరు రుడాల్ఫ్ ఏబెల్ అని చెప్పుకున్నాడు. అతనికి 30 ఏళ్ల జైలుశిక్ష పడింది. కాన్సులేట్ అధికారుల రక్షణ కూడా పరిమితమే. వాళ్లకు వర్తించేది వేరే ఒప్పందం, 1963 నాటిది. ప్రిలిమ్స్‌లో ఈ రెండు సంవత్సరాలనూ తారుమారు చేసి అడుగుతారు, జాగ్రత్త.

అంతర్జాతీయ చట్టం ప్రకారం గూఢచర్యం నేరమేనా?

శాంతికాలంలో గూఢచర్యాన్ని సూటిగా నిషేధించే ఒప్పందం లేదు. ఏ దేశానికి ఆ దేశపు చట్టంలో మాత్రం అది నేరమే. వియన్నా ఒప్పందం 3వ అధికరణ ఆతిథ్య దేశపు పరిస్థితులను 'చట్టబద్ధమైన మార్గాల్లో' తెలుసుకోవడం రాయబార కార్యాలయం విధుల్లో ఒకటి అంటుంది. 41వ అధికరణ ఆ దేశ చట్టాలను గౌరవించమంటుంది. ఈ రెంటి మధ్య ఉన్న సందులోనే గూఢచార సంస్థలు తమ మనుషులను వీసా విభాగంలోనో వాణిజ్య విభాగంలోనో ఉద్యోగులుగా కూర్చోబెడతాయి. అన్ని దేశాలూ చేసే పనే కాబట్టి ఇక్కడ నడిచేది పాత సామెతే: దొరికితే దొంగ, దొరక్కపోతే దొర.

ఒకరిని పంపిస్తే అవతలివాళ్లూ ఒకరినే పంపిస్తారు. ఈ లెక్క ఎక్కడిది?

ఒప్పందంలో లేదు, ఆచారంగా వచ్చింది. సంఖ్యకు సంఖ్య, వీలైతే హోదాకు హోదా. రష్యాకు రహస్యాలు అమ్మిన ఎఫ్‌బీఐ అధికారి రాబర్ట్ హాన్సెన్ కేసు తర్వాత, అమెరికా 2001లో 50 మంది రష్యన్లను పంపితే, రష్యా కూడా 50 మంది అమెరికన్లను పంపింది. లెక్క సరిపోయింది కాబట్టి గొడవ అక్కడితో ఆగింది.

లెక్క తప్పించిన సందర్భం చూడాలంటే 1971 సెప్టెంబరు. ఒలెగ్ లియాలిన్ అనే కేజీబీ (సోవియట్ గూఢచార సంస్థ) అధికారి ఫిరాయించి పేర్లు చెప్పాక, బ్రిటన్ ఒక్క దెబ్బకు 105 మంది సోవియట్ అధికారులకు తలుపులు మూసింది. మాస్కోలో బ్రిటిష్ సిబ్బందే తక్కువ, అంతమందిని పంపిద్దామన్నా కుదరదు. సోవియట్ యూనియన్ 18 మందితో సరిపెట్టుకుంది. ఎవరి కార్యాలయం పెద్దదైతే వాళ్లకే ఈ ఆటలో నష్టం ఎక్కువ. ఒక దేశం సిబ్బంది సంఖ్యపై పరిమితి పెట్టిందన్న వార్త వస్తే ఇది గుర్తుపెట్టుకుని చదవండి.

గూఢచారి దొరికినందుకు సంబంధాలు నిజంగా తెగిపోతాయా?

ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. మా అభిప్రాయం: గూఢచారి దొరకడం వల్ల సంబంధాలు చెడవు. చెడగొట్టుకోవాలనో, కాపాడుకోవాలనో ప్రభుత్వాలు ముందే ఒక నిర్ణయంతో ఉంటాయి. దొరికిన గూఢచారి దానికి పనికొస్తాడు. మూడు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది యూ-2. 1960 మే 1న పాకిస్తాన్‌లోని పెషావర్ నుంచి లేచిన అమెరికా గూఢచారి విమానాన్ని సోవియట్లు స్వెర్ద్‌లోవ్‌స్క్ దగ్గర కూల్చేశారు. పైలట్ చనిపోయి ఉంటాడనుకుని అమెరికా అది వాతావరణ పరిశోధన విమానమని ప్రకటించింది. సోవియట్ నేత క్రుశ్చేవ్ ఆ అబద్ధం పూర్తిగా బయటికి వచ్చేదాకా ఆగి, మే 7న పైలట్ గ్యారీ పవర్స్ బతికే ఉన్నాడని చెప్పాడు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ బాధ్యత ఒప్పుకోక తప్పలేదు. అప్పటికే మే 16న పారిస్‌లో శిఖరాగ్ర సమావేశం ఖాయమై ఉంది. క్రుశ్చేవ్ క్షమాపణ అడిగాడు, ఐసెన్‌హోవర్ చెప్పలేదు, సమావేశం మొదటి రోజే కూలింది. ఐసెన్‌హోవర్ మాస్కో పర్యటన రద్దయింది. అలాంటి విమానాలు తిరుగుతున్నాయని సోవియట్లకు ముందు నుంచీ తెలుసు. ఇక్కడ దెబ్బ కొట్టింది అబద్ధం. దొరికిన దేశం మొదటి రెండు మూడు రోజుల్లో ఏం చెబుతుందన్నదే తర్వాతి కథను నడిపిస్తుంది.

రెండోది 1974 పశ్చిమ జర్మనీ. ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ పక్కనే సహాయకుడిగా పనిచేసిన గుంటర్ గీయోమ్ తూర్పు జర్మనీ గూఢచారి అని తేలి, ఏప్రిల్ 24న అరెస్టయ్యాడు. ఇంతకంటే పెద్ద అవమానం ఒక ప్రభుత్వాధినేతకు ఉండదు. మే 6న బ్రాంట్ రాజీనామా చేశాడు. అయితే ఆ మధ్యలోనే, మే 2న, రెండు జర్మనీలూ ఒకదాని రాజధానిలో మరొకటి శాశ్వత ప్రతినిధి కార్యాలయాలు తెరిచాయి! తూర్పుతో సఖ్యత అనే విధానాన్ని తర్వాత వచ్చిన హెల్మట్ ష్మిట్ కొనసాగించాడు. మనిషి పోయాడు, విధానం నిలబడింది. ఇద్దరికీ ఆ విధానం అవసరం కాబట్టి.

మూడోది 1986. ఆగస్టులో అమెరికా న్యూయార్క్‌లో సోవియట్ గూఢచారి గెన్నాదీ జఖరోవ్‌ను పట్టుకుంది. ఐక్యరాజ్యసమితి ఉద్యోగి కావడంతో అతనికి దౌత్య రక్షణ లేదు. వారం తిరిగేసరికి మాస్కోలో అమెరికన్ విలేకరి నికొలస్ డానిలాఫ్‌ను పట్టుకున్నారు. సెప్టెంబరు చివరికి బేరం కుదిరింది, అక్టోబరు 11, 12 తేదీల్లో అమెరికా అధ్యక్షుడు రేగన్, సోవియట్ నేత గోర్బచేవ్ ఐస్‌లాండ్ రాజధాని రెక్జావిక్‌లో కలిశారు. సమావేశం అయ్యాక మళ్లీ బహిష్కరణలు మొదలయ్యాయి. అమెరికా 55 మందిని పంపించింది. బదులుగా సోవియట్ ప్రభుత్వం మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయంలో పనిచేసే 260 మంది స్థానిక సిబ్బందిని ఉపసంహరించింది. డ్రైవర్లు, వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు ఒక్కసారిగా పనిలోకి రాకపోతే ఎలా ఉంటుందో ఊహించండి. దౌత్యవేత్తలే ఆ పనులు చేసుకున్నారు. ఇంత జరిగినా 1987 డిసెంబరులో మధ్యశ్రేణి అణు క్షిపణుల ఒప్పందంపై ఇద్దరు నేతలూ సంతకాలు పెట్టారు.

మెయిన్స్‌లో ఈ అంశం వస్తే బహిష్కరణల సంఖ్యలు పేర్చడంతో ఆగిపోకండి. ఆ సమయంలో రెండు దేశాల మధ్య ఏ చర్చలు నడుస్తున్నాయి, అవి ఆగాయా కొనసాగాయా అన్నది రాస్తేనే జవాబుకు బలం.

భారత్, పాకిస్తాన్ విషయంలో ఇది ఎలా నడిచింది?

మెట్లు మెట్లుగా దిగింది. 2016 అక్టోబరులో ఢిల్లీలో పాకిస్తాన్ హైకమిషన్ ఉద్యోగి ఒకరు దొరికితే, చివరికి ఆ దేశం తన ఉద్యోగులు ఆరుగురిని, మనం ఎనిమిది మందిని వెనక్కి పిలిపించుకున్నాం. 2020 మే 31న ఇద్దరు దొరికారు. ఈసారి ఒకరికి ఒకరు అనే లెక్క పోయింది. జూన్ 23న భారత్, ఢిల్లీలోని పాకిస్తాన్ హైకమిషన్ సిబ్బందిని సగానికి, అంటే 110 నుంచి 55కు తగ్గించమని చెప్పింది. పాకిస్తాన్‌లో మన సిబ్బందినీ అంతే తగ్గించింది. 2025 ఏప్రిల్ 22 పహల్గాం దాడి తర్వాత ఆ 55 కాస్తా 30 అయింది, రక్షణ సలహాదారులను పంపించేశారు.

సంఖ్య తగ్గితే ఏమవుతుంది? వీసా కిటికీ దగ్గర మనిషి ఉండడు. జైల్లో ఉన్న మత్స్యకారుణ్ణి చూడ్డానికి వెళ్లే అధికారి ఉండడు. మన శ్రీకాకుళం మత్స్యకారులు కూడా పాకిస్తాన్ జైళ్లలో మగ్గి వచ్చినవాళ్లే. ఎద్దులు ఎద్దులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరిగినట్టు, ఈ తగ్గింపుల బరువు పడేది చివరికి ఇలాంటివాళ్ల మీద. ఇంగ్లీషు విశ్లేషణల్లో దీనికి ఒక వాక్యం కూడా దక్కకపోవడం బాధాకరం.

కులభూషణ్ జాదవ్ కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం ఏం చెప్పింది?

చాలామంది 'నిర్దోషి అని తీర్పిచ్చింది' అనుకుంటారు. ఆ ప్రశ్న జోలికే కోర్టు వెళ్లలేదు. జాదవ్ మన నౌకాదళ మాజీ అధికారి. గూఢచర్యం ఆరోపణపై 2016 మార్చిలో పాకిస్తాన్‌లో అరెస్టు, 2017 ఏప్రిల్‌లో అక్కడి సైనిక కోర్టు మరణశిక్ష. కాన్సులేట్ల గురించిన 1963 ఒప్పందం 36వ అధికరణ ప్రకారం విదేశీయుణ్ణి పట్టుకుంటే, తన దేశ కాన్సులేట్‌ను కలిసే హక్కు ఉందని అతనికి ఆలస్యం చేయకుండా చెప్పాలి, అధికారులను కలవనివ్వాలి. అది జరగలేదన్నదే భారత్ వాదన. గూఢచారికి ఆ హక్కు లేదని పాకిస్తాన్ వాదించింది. 2019 జులై 17న కోర్టు 15–1 మెజారిటీతో భారత్ వాదనను ఒప్పుకుని, శిక్షను పునఃసమీక్షించమంది. గూఢచర్యం ఆరోపణ ఉన్నా 36వ అధికరణ వర్తిస్తుందని తేలడమే ఈ తీర్పులో అసలు సంగతి.

స్నేహ దేశాల మధ్య ఇలాంటివి జరిగితే?

గట్టిగా కుదుపు వస్తుంది, త్వరగా సర్దుకుంటుంది. 1985 జనవరిలో ప్రధాని కార్యాలయం నుంచే రహస్య పత్రాలు ఫ్రాన్స్, పోలండ్, తూర్పు జర్మనీలకు చేరుతున్నాయని బయటపడింది. ప్రధాని ముఖ్య కార్యదర్శి పి.సి. అలెగ్జాండర్ రాజీనామా చేశారు, ఫ్రాన్స్ తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది. అదే ఏడాది జూన్‌లో రాజీవ్ గాంధీ పారిస్ వెళ్లారు, మిరాజ్ 2000 విమానాలూ అదే ఏడాది వచ్చాయి.

ఖతార్‌ది ఇంకా దగ్గరి ఉదాహరణ. 2022 ఆగస్టులో ఎనిమిది మంది మాజీ నౌకాదళ ఉద్యోగులను అక్కడ పట్టుకున్నారు. అభియోగం ఏమిటో రెండు ప్రభుత్వాలూ అధికారికంగా బయటపెట్టలేదు, గూఢచర్యమని పత్రికలు రాశాయి. 2023 అక్టోబరులో మరణశిక్ష, డిసెంబరులో తగ్గింపు, 2024 ఫిబ్రవరి 12న విడుదల. ఆ నెల 6న ఖతార్ నుంచి 2028 మొదలుకొని 20 ఏళ్ల పాటు ఏటా 75 లక్షల టన్నుల ఎల్ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు) కొనే ఒప్పందం కుదిరింది. ఈ వ్యవహారమంతా మైకుల ముందు అరవకుండా నడిపించారు. అరిచి ఉంటే ఆ ఎనిమిది మందికి మేలు జరిగేది కాదని మా నమ్మకం.

దౌత్య గొడవల వల్ల మా పిల్లల వీసాలకు ఇబ్బంది వస్తుందా?

వస్తుంది. కెనడాది అచ్చంగా గూఢచారి కేసు కాదు, హత్య ఆరోపణతో మొదలైంది. కానీ దిగిన మెట్లు అవే. 2023 సెప్టెంబరులో ఒకరికి ఒకరు చొప్పున బహిష్కరణ, తర్వాత కెనడా పౌరులకు మన వీసాల నిలిపివేత, అక్టోబరుకల్లా 41 మంది కెనడా దౌత్యవేత్తల నిష్క్రమణ. బెంగళూరు, ముంబై, చండీగఢ్ కాన్సులేట్లలో నేరుగా అందే సేవలు ఆగాయి. అనంతపురం వాళ్లకు దగ్గరున్నది బెంగళూరే. భారత్‌లో ఉన్న కెనడా వలస శాఖ సిబ్బంది 27 నుంచి 5కు తగ్గారు. దరఖాస్తు కేంద్రాలు మూతపడలేదు, ఫైళ్లు ఆలస్యమయ్యాయి.

అలాంటి సమయంలో కాలేజీ చేరిక తేదీకి ముందు మామూలుగా ఉంచుకునే గడువు కంటే ఎక్కువ పెట్టుకోండి. కాలేజీకి ఉత్తరం రాసి చేరికను తర్వాతి సెమిస్టర్‌కు వాయిదా వేసే అవకాశం అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఫీజు వాపసు షరతు చదవకుండా డబ్బు కట్టొద్దు. ఏజెంటు నోటి మాట మీద టికెట్ కొనొద్దు.

గల్ఫ్‌లో ఉన్న మావాడు ఫోటో తీశాడని పోలీసులు పట్టుకున్నారు. ఏం చేయాలి?

అక్కడ విమానాశ్రయాలు, సైనిక స్థావరాలు, ప్రభుత్వ భవనాల దగ్గర ఫోటో తీయడం పెద్ద కేసు అవుతుంది. ముందు అతని పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల నకలు, అక్కడి సివిల్ ఐడీ నంబరు, యజమాని పేరు, అరెస్టయిన తేదీ, స్టేషన్ ఉన్న ప్రాంతం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇవి లేకుండా ఎవరికి ఫోన్ చేసినా పని ముందుకు సాగదు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకోండి. అదే నంబరుతో అక్కడి భారత రాయబార కార్యాలయానికి ఈమెయిల్ పంపండి, ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీకీ తెలియజేయండి. ఎంబసీని కలవాలని అతనే అడగడం చాలా ముఖ్యం. ఫోన్ దొరికితే ముందు చెప్పాల్సింది ఆ మాటే. అరబ్బీలో ఉన్న కాగితం మీద అర్థం తెలియకుండా సంతకం పెట్టొద్దని కూడా చెప్పండి. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి నుంచి న్యాయ సహాయం కోరవచ్చు. ఫేస్‌బుక్‌లో ఆ దేశాన్ని తిడుతూ వీడియోలు పెడితే లోపలున్న మనిషికే కష్టం.

మా ఊరు ఓర్వకల్లు దగ్గర. రేంజ్ వైపు వీడియో తీస్తే తప్పా?

ఓర్వకల్లు దగ్గరున్నది డీఆర్‌డీవో నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్. 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధాన్నీ, జులైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణినీ ఇక్కడే పరీక్షించారు. డీఆర్‌డీవో స్వయంగా విడుదల చేసిన వీడియోలు పంచుకోవచ్చు. గేట్లు, దారులు, కంచె, వాహనాలు వచ్చిపోయే వేళలు మాత్రం తీయొద్దు, డ్రోన్ అసలు ఎగరేయొద్దు. 1923 అధికార రహస్యాల చట్టం 3వ సెక్షన్ కింద దేశ భద్రతకు హాని చేసే ఉద్దేశంతో నిషిద్ధ ప్రదేశాల దగ్గరికి వెళ్లినా, బొమ్మ గీసినా, సమాచారం సేకరించినా నేరం. రక్షణ స్థావరాలకు సంబంధించినదైతే 14 ఏళ్ల వరకు జైలు.

నాలాంటి కాంట్రాక్టు కూలీతో వాళ్లకేం పని?

వలలో పడినవాళ్లలో పెద్ద అధికారుల కంటే చిన్న ఉద్యోగులే ఎక్కువ. 2019 డిసెంబరులో ఏపీ నిఘా విభాగం 'డాల్ఫిన్స్ నోస్' పేరుతో బయటపెట్టిన విశాఖ కేసులో దొరికింది ఏడుగురు నౌకాదళ సిబ్బంది, ఒక హవాలా వ్యాపారి. ఫేస్‌బుక్ పరిచయంతో మొదలైన కేసది. ఆ దెబ్బతో నౌకాదళం ఓడల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది.

వల వేసే తీరు దాదాపు ఒకటే. అమ్మాయి పేరుతోనో, ఉద్యోగాలిచ్చే కంపెనీ పేరుతోనో, రక్షణ విలేకరినంటూనో పలకరింపు. మొదట అడిగేది ఎవరికైనా హానిలేనిదే అనిపిస్తుంది: మీ కాంట్రాక్టరు ఎవరు, షిఫ్టు ఎన్నింటికి, లోపల ఏం కడుతున్నారు. తర్వాత యూపీఐలో కొద్దిపాటి డబ్బు. ఆ డబ్బే మీ మీద సాక్ష్యం. తర్వాత ఒక యాప్ లింకు. చివరికి 'చెప్పకపోతే ఇదంతా మీవాళ్లకు పంపిస్తాం' అనే బెదిరింపు. ఇంకో రకం ఉంది, మీ ఫోన్‌కు వచ్చిన వాట్సాప్ ఓటీపీ ఒక్కటి చెప్పమంటారు. చెబితే మీ నంబరు మీద ఖాతా తెరిచి సరిహద్దు అవతల నుంచి వాడతారు, పోలీసులు వచ్చేది మీ ఇంటికి.

అనుమానం వచ్చిన క్షణమే జవాబులు ఆపండి. చాట్ చెరిపేయకండి, చాలామంది భయంతో చేసే పొరపాటు అదే. చెరిపేస్తే మీరు అమాయకులని చూపించే ఆధారమూ పోతుంది. నంబరు, ప్రొఫైల్ లింకు, తేదీలు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి, డబ్బు వచ్చి ఉంటే లావాదేవీ నంబరు రాసుకోండి. సంస్థలో పనిచేసేవాళ్లు భద్రతాధికారికి, మిగతావాళ్లు పోలీసు స్టేషన్‌లోనో ఎస్పీ కార్యాలయంలోనో రాతపూర్వకంగా చెప్పి రసీదు తీసుకోండి. ఇప్పటికే ఏదైనా పంపి ఉంటే లాయర్‌ను వెంటబెట్టుకుని వెళ్లండి. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేలోపు మీరే వెళ్లి చెప్పడం ఎంతో మేలు.

పేపర్లో 'గూఢచారి అరెస్టు' అని వచ్చిందంటే నమ్మేయొచ్చా?

తొందరపడొద్దు. 1994లో ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను గూఢచారి అన్నారు. 1996లో సీబీఐ ఆ కేసులో పస లేదని తేల్చింది. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 14న ఆయనకు 50 లక్షల పరిహారం ఇమ్మంది. మధ్యలో పోయిన 24 ఏళ్లు ఎవరూ తిరిగి ఇవ్వలేరు. అరెస్టు, చార్జిషీటు, శిక్ష వేర్వేరు దశలు. మీ ఊరి మనిషి పేరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటే కోర్టు తేల్చేవరకు ఫోటో ఫార్వర్డ్ చేయకండి.

అన్నీ మూసుకున్నాక రెండు దేశాలు మాట్లాడుకునే దారి ఏదైనా ఉంటుందా?

ఉంటుంది. భారత్, పాకిస్తాన్ 1988 డిసెంబరు 31న చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న తమ అణు స్థావరాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. 1992లో మొదలై కార్గిల్ ఏడాదీ, పుల్వామా ఏడాదీ ఆగలేదు. 2025 జనవరి 1న ఇచ్చుకున్నది 34వసారి. 2008 ఒప్పందం కింద జనవరి 1, జులై 1 తేదీల్లో ఖైదీల జాబితాలు మారతాయి. దౌత్య సిబ్బందిని వేధించకూడదన్న 1992 ప్రవర్తనా నియమావళి కాగితం మీద ఇంకా ఉంది, 2018 మార్చిలో రెండు దేశాలూ దాన్నే మళ్లీ ఒప్పుకున్నాయి. సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్స్ మధ్య హాట్‌లైన్ ఎటూ ఉంది. 2025 మే 10న మధ్యాహ్నం 3.35కు పాకిస్తాన్ అధికారి మన అధికారికి చేసిన ఫోన్‌తోనే ఆ సాయంత్రం కాల్పులు ఆపాలని నిర్ణయమైంది. అప్పటికి రెండు హైకమిషన్లలోనూ మిగిలింది 30 మంది చొప్పునే.